తోడేలు పిల్లగాడికి ఏం మందిచ్చారు

మా అవ్వకు టీవీ అంటే పడదు. అవ్వ అంటే నాయిన తల్లి. దేవుళ్ల సీరియల్ పెట్టినా "రంగులు పూసుకున్నోళ్లకు దండం బెట్టాల్నా" అని గోడవైపు తిరిగి కూర్చునే మనిషి. అలాంటిది ఆ ఏడు వానకాలంలో, సాయంత్రం ఆరు కాకముందే చాటలో పల్లికాయలు పోసుకుని టీవీ ముందు చేరడం మొదలుపెట్టింది. అది కూడా పిల్లల చానల్లో, హిందీలో వచ్చే సీరియల్ కోసం. పున్నమి వస్తే తోడేలుగా మారిపోయే ఒక పిల్లగాడి కథ అది.

ఇది నాకు మింగుడుపడలేదు. అర్థం కాని సంగతి ఒకటి ఇంట్లో తిరుగుతుంటే నాకు అన్నం సయించదు. అప్పుడు ఏడో తరగతి చదువుతున్నాను. "దీని నోటికి తాళం ఎక్కడ దొరుకుతదో" అని అమ్మ రొట్టెలు తడుతూనే విసుక్కునేది.

రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది. ఆత్మకూరులో మా వీధికి కేబుల్ వచ్చింది. తీగ పక్కింటి ఖాలమ్మ వాళ్ల డాబా మీద నుంచి మా రేకుల మీదికి దిగేది. ఖాలమ్మ బట్టలు కుట్టేది. వాళ్లింట్లో టీవీ లేదు కాబట్టి, తీగకు దారిచ్చినందుకు సీరియల్ వేళకు మా ఇంట్లో ఆమెకో పీట ఖాయం. నాకు తెలియని హిందీ మాటలు ఆమె చెప్పేది. అవి నేను అవ్వకు చెప్పేదాన్ని.

ఆ పిల్లగాడికి పదహారేళ్లుంటాయి. ఏదో చలి దేశం. పగలంతా అందరిలాగే బడికి పోతాడు, బంతాట ఆడతాడు, లెక్కల్లో సున్నా తెచ్చుకుంటాడు. పున్నమి వెన్నెల మీద పడితే మాత్రం చెంపల నిండా బొచ్చు మొలుస్తుంది, చెవులు నిక్కుతాయి. అయినా ఎవర్నీ కరవడు. ఆ బొచ్చుతోనే ఫ్రిజ్ తెరిచి కోడికాళ్లు తింటాడు, అద్దం ముందు నిలబడి చెంపలు దువ్వుకుంటాడు. సంగతి తెలిసిన దోస్తు ఒక్కడే. వాడు టోపీలు, మఫ్లర్లు చుట్టి దాచలేక చచ్చేవాడు. ఎందుకిలా అవుతోందో ఆ పిల్లగాడికే తెలియదు. కారణం కోసం వాడూ వెతుకుతుండేవాడు, వాడి వెనక నేనూ వెతుకుతుండేదాన్ని.

నా సందేహాలకు అంతు లేదు. వెన్నెల ఒక చేతి మీదే పడితే? మబ్బు పడితే? వాళ్లకు కనబడే చందమామా మనకు కనబడేదీ ఒకటేనా? ఈ చివరిది సైన్సు సారును అడిగాను. "ఒకటే" అన్నారు. అయితే మన ఊళ్లో ఎవరూ ఎందుకు మారరు అని అడిగాను. బెంచీ ఎక్కించారు. బెంచీ మీద నిలబడి కూడా అదే ఆలోచించాను.

ఆ ఏడే మా అక్క పదో తరగతి పాసై వనపర్తిలో ఇంటర్ చేరింది. పొద్దున బస్సులో పోయి సాయంత్రం వచ్చేది. మా ఇంట్లో పది దాటి చదివిన మొదటి ఆడపిల్ల తనే. డాక్టరవుతానని చెప్పి, కప్ప కడుపులో ఏమేముంటాయో చార్టు మీద గీసి గోడకు అంటించింది. ఆ కప్పను చూస్తూ అన్నం తినలేక నేను పక్కకు తిరిగేదాన్ని.

వినాయక చవితి అయ్యాక ఒకరోజు కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోయింది. మర్నాడు తలనొప్పి అంది. ఆ తర్వాత ఏ నొప్పీ చెప్పకుండానే మానేసింది. నాయిన ఎంత అడిగినా దుప్పటి ముసుగులోంచి మాట రాలేదు.

కారణం నేను కనిపెట్టాను. అదే బస్సులో పోయే ఒక అమ్మాయి చెల్లెలు మా క్లాసే. అక్కకు పైపెదవి మీద, చెంపల పక్కన నూగు మొలిచింది. కొందరికి మొలుస్తుంది. అక్కకు కొంచెం ఎక్కువ, కొంచెం నలుపు. బస్సులో ఒకడు పక్కన నిలబడి, మగపిల్లాడిని పిలిచినట్టు "తమ్మీ, జర అటు జరుగు" అన్నాడట. బస్సంతా నవ్విందట. మర్నాడూ అదే మాట. వారం తిరిగేసరికి కాలేజీలో కూడా అక్క పేరు తమ్మి అయి కూర్చుంది. వాడి పళ్లు రాలగొట్టాలని నాకప్పుడు అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

నేను తెచ్చిన కబురు విని అమ్మ కళ్లొత్తుకుంది. నాయిన మీసం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. అవ్వ లేచి పెరట్లోకి పోయింది. దసరా సెలవుల తర్వాత కూడా రాకపోతే పేరు కొట్టేస్తామని కాలేజీ నుంచి కబురు వచ్చింది. నాయిన తిట్టాడు, బతిమాలాడు, తోడు వస్తానన్నాడు. "నేను పోను నాయినా" అని ఒకటే మాట. చున్నీని మూతికి అడ్డంగా చుట్టుకుని ఇంట్లో తిరిగేది. ఒకరోజు చూస్తే గోడ మీద కప్ప లేదు. దాన్ని చుట్టి దూలం సందులో దోపింది. ఆ కప్ప పోయినందుకు నాకు ఏడుపొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అవ్వ టీవీ ముందు చేరింది ఆ రోజుల్లోనే. ఇక ఆగలేక అడిగేశాను.

"అవ్వా, నీకు హిందీ రాదు గద. ఏం సూస్తున్నవ్?"

"ఆ పిల్లగానికి ఏం మందిస్తరో సూస్తున్న" అంది, కాయ చిట్లిస్తూ.

"ఏం మందు?"

"బొచ్చు పొయ్యే మందు. ఇన్ని దినాల సంది దేశమంత కూసోబెట్టి సూపిస్తున్రు. ఆఖర్ల ఏదో ఒక మందు చెప్పకుంట ఇడుస్తరా? చెప్పినంక మన పిల్లకు గూడ పెడదం."

నవ్వు గొంతుదాకా వచ్చింది గానీ అవ్వ ముఖం చూసి మింగేశాను. అంత ఆశగా చూస్తున్న మనిషికి అది ఒట్టి కథ అని చెప్పబుద్ధి కాలేదు. పైగా నాకూ ఒక అనుమానం మొదలైంది. నిజంగానే మందు చెబుతారేమో. ఆ నెల పున్నమి రోజు పెరట్లో మంచం మీద అక్క పక్కన చేరి, ఆమె ముఖంలోకి వంగి వంగి చూశాను, నూగు ఏమైనా పెరుగుతుందేమోనని. "ఏందే?" అంది. చెప్పాను. దిండు పెట్టి కొట్టింది. పెరగలేదని మాత్రం తేల్చుకున్నాను.

మా వీధి మూలన మసీదు ఉంది. అజా వినబడగానే టీవీ సప్పుడు బంద్ చేయడం మా అలవాటు. ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యి దానంతటదే బటన్ మీదికి పోయేది. ఖాలమ్మ లేచి నమాజుకు పోయేది. ఆమె నమాజు చేసుకునే గదికీ మాకూ మధ్య ఒకటే గోడ, అందుకే ఆమె తిరిగి వచ్చేదాకా టీవీలో బొమ్మలు మాత్రమే ఆడేవి. వానకాలం మొదట్లో సీరియల్ అయిపోయాక గానీ అజా వచ్చేది కాదు. పొద్దు కురచవుతున్న కొద్దీ అది సీరియల్లోకి జరుగుతూ వచ్చింది. ఎంత ముఖ్యమైన ఘట్టమైనా సరే, అందరూ నోళ్లు ఆడిస్తుంటే మేం ఊహించుకోవాల్సిందే.

అలా సప్పుడు లేని సమయంలోనే ఆ ఆకుపచ్చ ముద్ద కనబడింది. దోస్తు ఒక గిన్నెలో ఏదో కలుపుతున్నాడు. తోడేలు పిల్లగాడిని కుర్చీలో కూర్చోబెట్టి, ముఖం నిండా పచ్చగా పట్టిస్తున్నాడు. అవ్వ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది.

"కుప్పింటాకు" అంది.

"ఎట్ల తెలుసవ్వా?"

"రంగు సూస్త లేవా? కుప్పింటాకే. బొచ్చు రాలుస్తదని మా గద్వాల దిక్కు ముసలోళ్లు చెప్పంగ ఇన్న. నాకే నమ్మకం లేకుండె."

ఖాలమ్మ నమాజు నుంచి తిరిగొచ్చేసరికి అవ్వ పెరట్లో ఉంది. గోడ వెంబడి మొలిచిన కుప్పింటాకు కోసి, పసుపు కలిపి రోట్లో నూరింది. అక్క ఒద్దంటుందనుకున్నాను. ఒద్దనలేదు. చున్నీ విప్పి, కళ్లు మూసుకుని, బుద్ధిగా ముఖం అప్పగించింది. ఏ మాటకూ లొంగని అక్క ఆ ముద్దకు అంత తొందరగా లొంగడం చూసి నాకు భయమేసింది. ఎంత బాధ పడుతోందో అప్పుడే నాకు సరిగ్గా తెలిసింది.

మర్నాడు ఆదివారం కాబట్టి పొద్దున అదే భాగం మళ్లీ వేశారు, సప్పుడుతో చూశాను. వాళ్ల బడిలో నాటకం. తోడేలు పిల్లగాడిది చెట్టు వేషం. ఆ పచ్చది రంగు. స్టేజీ మీద వెన్నెల పడి బొచ్చు మొలిస్తే, వేషం బ్రహ్మాండంగా ఉందని అందరూ చప్పట్లు కొట్టారు.

ఇటు చూస్తే మా అక్క ముఖం పసుపు పచ్చగా ఉంది, చెంపలు కంది దద్దుర్లు లేచాయి. నూగు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, పసుపు మీద ఇంకా బాగా కనబడుతోంది. చెట్టు వేషం సంగతి నేను చెప్పగానే అక్క అవ్వ వైపు తిరిగింది.

"నేను నీకు నాటకం లెక్క కనబడుతున్ననా అవ్వా? ఇగ నేను కాలేజీకి పోను. ఎన్నటికి పోను."

తలుపు వేసుకుంది. అవ్వ తలుపు బయట చాలాసేపు నిలబడింది. మా అవ్వ ఎవరికీ జవాబు బాకీ ఉంచే మనిషి కాదు. కోపం ఎక్కువైతే గద్వాల అవతలి కన్నడం కూడా కలిపి తిట్టేది. ఆ రోజు ఏ భాషా రాలేదు.

అయినా ఆరింటికి మళ్లీ టీవీ ముందు కూర్చుంది. దసరా సెలవులు ఇచ్చారు. సీరియల్ ఆఖరి వారానికి వచ్చింది. ఆ పిల్లగాడు ఇల్లు వదిలి ఊరవతల ఒక ముసలామె ఇంటికి పోయాడు. ఆమె వాడి అమ్మమ్మ. ఎప్పుడూ నిండు చేతుల జుబ్బా వేసుకుని, ఎవరితోనూ కలవకుండా ఉండే మనిషి. కారణం ఆమెకు తెలుసని ముందు రోజే చెప్పారు. నాకు ఒళ్లంతా చెవులైంది. అమ్మ కూడా పొయ్యి తగ్గించి వచ్చి గడపలో నిలబడింది. లోపలి గది తలుపు బెత్తెడు తెరిచి ఉంది, అంటే అక్క చూస్తోందన్నమాట.

ముసలామె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే అజా వినబడింది.

నా చెయ్యి బటన్ మీదికి పోయింది. ఖాలమ్మ ఒకసారి టీవీని, ఒకసారి నన్నూ చూసి, "అరె, ఇప్పుడే రావాల్నా" అనుకుంటూ లేచిపోయింది. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. తెర మీద ముసలామె పెదవులు కదులుతున్నాయి. పిల్లగాడు తల అడ్డంగా ఊపుతున్నాడు. ముసలామె మెల్లగా జుబ్బా చెయ్యి పైకి మడిచింది. మోచేతి దాకా నెరిసిన బొచ్చు. ఆ చేతిని తన గుండె మీద పెట్టుకుని, తర్వాత పిల్లగాడి చెంప మీద పెట్టింది.

"ఏమంటుందో" అన్నాను.

"నా నుంచే వచ్చింది బిడ్డా అంటుంది" అంది అవ్వ.

చాట పక్కన పెట్టి లేచింది. కాయలు ఒళ్లోంచి రాలినా చూసుకోలేదు. "సాకు" అంది. కన్నడంలో ఇక చాలు అని. పెరటి గడప మీద పోయి కూర్చుంది. నేను టీవీ వదిలేసి వెనకే పోయాను. ఆ సీరియల్ మొత్తంలో నేను ఒక భాగాన్ని మధ్యలో వదిలేసింది అదే మొదటిసారి.

అవ్వ బొడ్లో తాళాలగుత్తితోపాటు ఎప్పుడూ చిన్న పట్టకారు లాంటి ఒక ఇత్తడి చిమట వేలాడుతుండేది. మా వీధిలో ఎవరి కాల్లో ముల్లు విరిగినా ఆ చిమటతో అవ్వే తీసేది. ఇప్పుడు దాన్ని గుత్తి నుంచి విప్పి అరచేతిలో పెట్టుకుంది.

"అక్కను పిలువు."

పిలవక్కర్లేకపోయింది. అక్క వచ్చి నా వెనక నిలబడి ఉంది. అవ్వ అక్క చెయ్యి పట్టి లాగి, తన గదవ కింద, అంటే గడ్డం కింద, పెట్టుకుంది.

"తడుము."

అక్క తడిమింది, ఆగిపోయింది. తర్వాత నేనూ తడిమాను. కోసిన జొన్నచేను మీద చెయ్యి పెట్టినట్టు గరుకుగా ఉంది. పుట్టినప్పటి నుంచి అవ్వ పక్కలో పడుకున్నదాన్ని. ఒక్కరోజు కూడా నాకు తెలియలేదు.

"నీ ఈడుకే వచ్చినయ్ నాకు" అంది అవ్వ, అక్కను చూడకుండా. "దినాం కోడి కూయకముందే లేచి పీక్కుంట. మా అమ్మకు గూడ ఉండె. మీ నాయినకు వస్తే మీసమని మెలేసిండు, ఎవ్వరు నవ్వలే. నీకొచ్చినయ్. అవి నీయి కావు బిడ్డా, నాయి."

"మరి ఎందుకు చెప్పలే ఇన్ని దినాలు?" అక్క గొంతులో కోపం ఉంది.

"సిగ్గయింది. నువ్వు గోడకు తిరిగి ఏడుస్తుంటే నా పానం పోయినంత పనయింది. అయినా నోరు రాలే. మందు దొరికితే చెప్పే పని లేకుండ పోతదనుకున్న."

అమ్మ గడప దాకా వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి పోయింది. ఆమెకూ ఇప్పుడే తెలిసిందని అర్థమైంది. నా నాలుక ఊరుకోదు కదా.

"అవ్వా, తాతకు గూడ తెల్వదా?"

అవ్వ చిమటను అటూ ఇటూ తిప్పింది. "నేనైతే తెల్వదనే అనుకుంటుంటి. కొత్తల్ల గోర్లతోని పీక్కుంటుంటి, పుండ్లయితుండె. ఒకసారి జాతరకు పోయొచ్చి దీన్ని నా సేతుల పెట్టిండు. ముండ్లు తీసెటందుకు అన్నడు. ఇంకేమన్లే. సచ్చిపొయ్యేదాంక ఏమన్లే."

అక్క నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు, అవ్వ భుజంలో తల పెట్టేసింది. కాసేపయ్యాక చిమట తీసుకుని పైపెదవి మీద ఒక వెంట్రుక పట్టి లాగింది. "అమ్మో!" అని ఎగిరింది. కళ్లలో నీళ్లు.

"గింత నొప్పా? దినాం గిట్ల ఎట్ల పీక్కుంటివవ్వా?"

"నాకేం తెల్సే. పీక్కోకుంట ఊకోవచ్చని ఎవ్వరన్న చెప్తే గద."

మర్నాడు ఆఖరి భాగం కూడా అయిపోయింది. ఏ మందూ ఇవ్వలేదు. ఆ పిల్లగాడు బొచ్చుతోనే దోస్తులందరి ముందుకు పోయాడు. వాళ్లు కొంచెం భయపడి, కొంచెం నవ్వి, చివరికి దువ్వెన కొనిచ్చారు. అవ్వ ఆ భాగం చూడనే లేదు.

సీరియల్ అయిపోయింది గానీ, మా ఇంట్లో ఇంకొకటి మొదలైంది. అవ్వ కోడి కూసినా లేవడం లేదు. చిమట మేకుకు వేలాడుతోంది. రోజూ పొద్దున నేను కళ్లు తెరవగానే ముందు అవ్వ గదవ చూసేదాన్ని. మొదట తెల్లటి చుక్కలు. తర్వాత గింజ మొలిచినట్టు కొనలు. దసరా వెళ్లేసరికి మొక్కజొన్న పీచులా, కిటికీ వెలుగులో మెరుస్తూ నిండుగా వచ్చాయి. నాయిన చూసి తన మీసం తడుముకున్నాడు. అక్క కూడా చూసింది. దూలం సందులోంచి చార్టు దించి దుమ్ము దులిపింది.

కాలేజీ తెరిచే రోజు అవ్వ తెల్ల చీర కట్టింది. వనపర్తి దవాఖానలో కళ్లు చూపించుకోవాలట. కళ్లకు ఏమీ కాలేదని అందరికీ తెలుసు. మా బడి ఇంకా తెరవలేదని నేనూ వెంటపడ్డాను. ఏం జరుగుతుందో చూడకుండా నేను ఇంట్లో ఉండగలనా?

అక్క మూతి మీద చున్నీ అలాగే ఉంది. బస్సులో కిటికీ పక్కన అక్క, మధ్యలో నేను, ఇటు చివర అవ్వ. తర్వాతి స్టేజీలో కాలేజీ పిల్లగాళ్లు ఎక్కారు. వాళ్లలో ఒకడు మా సీటు కమ్మీ పట్టుకుని వంగి, నవ్వు ఆపుకుంటూ అన్నాడు.

"తమ్మీ, శాన దినాలకొచ్చినవ్."

అవ్వ తల మీది కొంగు వెనక్కి జార్చి, గదవ పైకెత్తి, వాడి ముఖంలోకి చూసింది. ఎండ నేరుగా ఆ వెంట్రుకల మీద పడుతోంది.

"ఏం నాయినా, దీన్ని తమ్మీ అంటివి. మరి నన్నేమంటవ్? తాతా అంటవా?"

ఎవరో ముందు సీట్లో కిసుక్కున నవ్వారు. తర్వాత వెనక నుంచి నవ్వులు. కండక్టరు కూడా టిక్కెట్లు ఆపి చూశాడు. ఈసారి నవ్వు వాడి మీద. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "లేదవ్వా... ఊకె అన్ననవ్వా" అని నసిగాడు, గానీ అక్కడి నుంచి కదలడానికి చోటు లేదు.

అప్పుడు అక్క చున్నీ కిందికి లాగింది. చేతులతో విప్పి, మడిచి, ఒళ్లో పెట్టుకుంది. వాడి వైపు తిరిగింది.

"తమ్మీ, జర అటు జరుగు. మా అవ్వ కాళ్లు సాపుకోవాలె."

వాడు జనాన్ని నెట్టుకుని జరిగాడు. వనపర్తి వచ్చేదాకా అటే ఉన్నాడు. అక్క దిగి కాలేజీ గేటు వైపు పోయింది, ఒకసారి కూడా వెనక్కి చూడలేదు. చూస్తుందేమోనని నేను మెడ చాచి నిలబడ్డాను. అవ్వ మాత్రం దవాఖాన మాట మర్చిపోయి, బస్టాండులో మిర్చీలు కొనిచ్చింది.

తిరుగు బస్సులో మళ్లీ నా నోరు ఊరుకోలేదు. "అవ్వా, మందు దొరకనే లేదు గద. ఇన్ని దినాలు ఆ సీరియల్ సూసింది దండగేనా?"

అవ్వ మిర్చీల నూనె చేతిని కొంగుకు తుడుచుకుంది. గదవ మీది వెంట్రుకలు గాలికి కదులుతున్నాయి.

"ఆ ముసల్ది చెయ్యి సూపించుకోకపోతే, నేను గూడ చెప్పకపోదునే" అంది. "దానికేం అక్కెరుండి సూపించింది? మనుమని కోసమే గద."